ఫైబర్ శిల్పానికి జీపీ రెసిన్ సెట్టు: ఏది కొనాలి, ఎక్కడ దెబ్బతింటారు

నిలువెత్తు బొమ్మను ఇద్దరు మనుషులు ఎత్తి ట్రాలీలో పెట్టుకుపోయేంత తేలిగ్గా, ఎండావానల్లో ఏళ్ల తరబడి నిలిచేలా, కంచు ఖర్చులో చిన్న వంతుతో చేయాలంటే ఇప్పటికీ పాలియెస్టర్ రెసిన్, గ్లాస్ మ్యాట్ జోడీకి పోటీ లేదు. ఫైబర్ సామాను అమ్మే షాపులో "జీపీ రెసిన్ సెట్టు" అని అడిగితే చాలు, అన్నీ కట్టి ఇచ్చేస్తారు. జనరల్ పర్పస్ (అదే జీపీ) రెసిన్ డబ్బా, గట్టిపడటాన్ని వేగిరం చేసే వంకాయ రంగు కోబాల్ట్ సీసా, రెసిన్‌ను గట్టిపరిచే, నీళ్లలా తెల్లగా ఉండే హార్డెనర్, నాలుగు మీటర్ల గాజు పోగుల మ్యాట్, అచ్చుకు పూసే మైనం డబ్బా ఒకటి. చిక్కంతా ఆ కట్టి ఇవ్వడంలోనే ఉంది. ఒక్కో సరుకుకూ విడిగా మార్కులు వేయాలి. ఎందుకంటే రెసిన్ బాగోలేక చెడిపోయిన బొమ్మలు తక్కువ. పక్కన పడేసిన చిల్లర సామాను వల్లో, కంటితో వేసిన కొలతల వల్లో చెడిపోయినవే ఎక్కువ.

ఈ సరుకుతో ఏ స్థాయి పని సాధ్యమో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. సూర్యాపేటలో పుట్టి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి చేసిన ఆడవాళ్ల తలలున్నాయి కదా, కొప్పులో పూలు, వెడల్పు కళ్లు, ఒళ్లంతా బంగారు పూత. అవన్నీ పాలియెస్టర్ రెసిన్ ఫైబర్‌గ్లాసే. భారతీ ఖేర్ 2006లో నిలువెత్తు ఆడ ఏనుగును ఫైబర్‌గ్లాస్‌తో చేసి ఒళ్లంతా బొట్టుబిళ్లలు అంటించారు. రాన్ మ్యూక్ 1999లో చేసిన గొంతుక్కూర్చున్న కుర్రాడు దాదాపు 5 మీటర్ల ఎత్తు ఉంటాడు, ఇప్పుడు డెన్మార్క్‌లోని ఆర్హుస్ మ్యూజియంలో ఉన్నాడు. ఆ చర్మం నునుపు చూసినవాళ్లు ఫైబర్ అంటే పార్కులో ఆడుకునే జారుడుబల్ల రకం అన్న మాట మళ్లీ అనరు.

బరువు లెక్క ఒకటి చూడండి. ఆరడుగుల ఎత్తు తల ఒకటి చేస్తే ఉపరితలం సుమారు 8 చదరపు మీటర్లు వస్తుంది. జెల్ కోట్ (అచ్చులో అన్నిటికన్నా ముందు పూసే, బొమ్మకు పైపొర అయ్యే రెసిన్ పూత) మీద 450 గ్రాముల మ్యాట్ మూడు వరసలు వేస్తే చదరపు మీటరుకు జెల్ కోట్ 600 గ్రాములు, మ్యాట్ 1350 గ్రాములు, రెసిన్ 3.2 కిలోల దగ్గర పడుతుంది. అంటే మీటరుకు ఐదు కిలోల పైచిలుకు, మొత్తం తల 41 కిలోలు. అదే తలను 5 మిల్లీమీటర్ల మందంతో కంచులో పోస్తే 350 కిలోలు. కొనేటప్పుడు అతుకులకు, వృథాకు మ్యాట్ 15 శాతం, రెసిన్ 10 శాతం కలుపుకోండి. మ్యాట్ పన్నెండున్నర కిలోలు, రెసిన్ 28, జెల్ కోట్ ఐదున్నర తెచ్చుకుంటే మధ్యలో షాపుకు పరిగెత్తే పని ఉండదు. మధ్యలో ఆగితే మరో బ్యాచ్ రెసిన్ వస్తుంది, దాని గడ్డకట్టే టైము వేరుగా ఉంటుంది, అదో గొడవ.

రెసిన్‌కు పదికి ఎనిమిది ఇవ్వొచ్చు. అదీ సీలు డబ్బా కొంటేనే. పెద్ద డ్రమ్ములోంచి వంచి ఇచ్చే లూజు సరుకుకు ఐదు కూడా ఎక్కువే. కారణం మోసం కాదు, వయసు. ఈ రెసిన్ చల్లటి చోట, 25 డిగ్రీల లోపు ఉంచితే ఆరు నెలలు బాగుంటుంది. మన ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద పెట్టిన డ్రమ్ములో అంతకంటే ముందే చిక్కబడిపోతుంది. మూత తీసి కర్రతో కలిపి పైకెత్తండి. తేనెధార లాగా సాగి తెగకుండా దిగితే సరే. అక్కడక్కడా గడ్డలు, తీగలు కనిపిస్తే వద్దు. ఇంకో సంగతి, రంగు చూడండి. లేత పసుపు అయితే అందులో కోబాల్ట్ కలపలేదని, గులాబీ లేదా ఊదా ఛాయ ఉంటే ముందే కలిపి అమ్ముతున్నారని లెక్క. ఈ మాట షాపువాణ్ని నోరు తెరిచి అడగాల్సిందే. ముందే కలిపినదానికి ఇంటికొచ్చి మళ్లీ కోబాల్ట్ పోస్తే చేతిలోనే గడ్డకడుతుంది.

హార్డెనర్, కోబాల్ట్. ఈ రెండు సీసాల మీద ఒక మాట గోడ మీద రాసిపెట్టుకోవాలి: ఒకదానితో ఒకటి నేరుగా ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. ముందు రెసిన్‌లో కోబాల్ట్ పోసి రంగు సమానంగా పరుచుకునేదాకా కలపాలి. ఆ తర్వాతే హార్డెనర్. ఒకే చెంచా రెండిటికీ వాడకూడదు. కొలతకు సూది తీసేసిన సిరంజి చిల్లర పరికరమైనా మొత్తం సెట్టులో అన్నిటికన్నా విలువైనది అదే. షాపులో ఇచ్చే "మూత కొలత" నమ్మకండి. సీసా మూతలన్నీ ఒక సైజులో ఉండవు.

ఎంత పోయాలి? మామూలుగా కిలో రెసిన్‌కు కోబాల్ట్ 10 నుంచి 20 గ్రాములు, హార్డెనర్ 10 నుంచి 20 గ్రాములు. ఇంత వెడల్పు తేడా ఎందుకంటే బజార్లో దొరికే కోబాల్ట్ గాఢత ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అందుకే ప్రతి కొత్త డబ్బాకూ కప్పు పరీక్ష చేయాలి. 100 గ్రాముల రెసిన్, గ్రాము కోబాల్ట్, గ్రాము హార్డెనర్. గడియారం పెట్టుకుని చూడండి. 15 నుంచి 20 నిమిషాల్లో ద్రవం జున్నులా గడ్డకట్టి, పుల్లతో కదిపితే ముక్కలుగా విడిపోయే దశకు రావాలి. పది నిమిషాల్లోపే వస్తే కోబాల్ట్ తగ్గించండి. హార్డెనర్‌ను మాత్రం ఒక శాతం కన్నా కిందికి తేవొద్దు. అంతకు తగ్గితే ఆలస్యంగా కాదు, అసలు పూర్తిగా గట్టిపడదు. నెల తర్వాత కూడా గోరు దిగుతుంది. టైము కావాలంటే కోబాల్ట్ తగ్గించాలి, లేదా తెల్లవారుజామున పని పెట్టుకోవాలి. పది డిగ్రీల వేడి పెరిగితే గడ్డకట్టే టైము దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం ఈ పని మొదలుపెట్టడం రెసిన్‌ను డబ్బులిచ్చి పారబోయడమే.

కలిపిన రెసిన్‌ను లోతు బక్కెట్లో ఉంచకండి. రెసిన్ గట్టిపడేటప్పుడు తనంతట తాను వేడెక్కుతుంది. ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక 150 డిగ్రీలు దాటుతుంది, పొగలు కక్కుతుంది, బీటలు వారుతుంది, పక్కన కాగితమో దూదో ఉంటే అంటుకుంటుంది. వెడల్పు ట్రేలో పల్చగా పోసుకుంటే టైమూ దొరుకుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది. ఒక్కసారికి అర కిలో మించి కలపొద్దు, చెయ్యి తిరిగేదాకా.

మ్యాట్ గురించి షాపులో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. సెట్టులో వచ్చేది చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్, అంటే తుంచిన గాజు పోగుల పరుపు. దాని పోగుల్ని పట్టి ఉంచే జిగురు స్టైరీన్ అనే ద్రావకంలో కరిగేలా తయారైంది. పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది కాబట్టి మ్యాట్ మెత్తబడి వంపుల్లోకి ఒదుగుతుంది. "ఇది ఇంకా గట్టిది" అని ఎపాక్సీ అనే మరో రకం రెసిన్ అంటగట్టి అదే మ్యాట్ ఇస్తే, జిగురు కరగదు, మ్యాట్ అట్టముక్కలా మొండికేస్తుంది, కింద గాలి నిలుస్తుంది. ఎపాక్సీకి నేసిన గ్లాస్ గుడ్డ కావాలి. ఈ ఒక్క పొరపాటు వల్ల ఖరీదైన ఎపాక్సీ పోసి మరీ బొమ్మలు పాడుచేసుకున్నవాళ్లు తక్కువేం లేరు. మ్యాట్ 300, 450 గ్రాముల్లో దొరుకుతుంది. ముక్కు, చెవులు, వేళ్లు ఉన్నచోట 300, వెడల్పు చోట 450. రెండిటికీ తొమ్మిది మార్కులు. తడి తగిలిన మ్యాట్‌కు సున్నా. వానాకాలంలో చుట్ట విప్పి ఉంచితే చెమ్మ పట్టి, రెసిన్ పోసినా తెల్లమచ్చలు మిగులుతాయి. కత్తెరతో కత్తిరించే కన్నా చేత్తో చింపడం మేలు. చింపిన అంచు పీచులు పక్క ముక్కలో కలిసిపోతాయి, కత్తిరించిన అంచు గీతలా పైకి కనిపిస్తుంది.

అచ్చు సంగతికొస్తే, సెట్టులో ఇచ్చే మైనం ఒక్కటే చాలదు. ప్లాస్టర్ అచ్చు బయటికి ఆరినట్టు కనిపించినా లోపల నీళ్లు ఉంటాయి. ఆ తడి జెల్ కోట్‌ను గట్టిపడనివ్వదు. నీడలో వారం పదిరోజులు ఆరనిచ్చి, చపడా లక్క వార్నిష్ రెండు పూతలు వేసి, ఆ పైన మైనం పూసి గుడ్డతో రుద్ది, మళ్లీ పూసి, కొత్త అచ్చుకైతే నాలుగైదుసార్లు చేయాలి. దాని మీద పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ద్రావకం స్పాంజితో పల్చగా ఒక్క పూత. ఇది ఆరితే పల్చటి పొర అవుతుంది, తర్వాత నీళ్లతో కడిగేస్తే పోతుంది. షాపుల్లో పీవీఏ విడిగా అడిగి కొనాలి, సెట్టులో ఉండదు. అదేమిటో మరి, అచ్చులోంచి బొమ్మ ఊడిరావడానికి అసలైన ఆధారం అదే అయినా దాన్నే వదిలేస్తారు. గమ్ ఫెవికాల్ నీళ్లలో కలిపి వాడండని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వద్దు. అది వేరే పీవీఏ (పాలీవినైల్ అసిటేట్), ఇది వేరే పీవీఏ.

రబ్బరు అచ్చు అయితే సిలికాన్. టిన్ రకం చవక, కానీ స్టైరీన్ దాన్ని మెల్లగా తినేస్తుంది. కొన్ని పోతల తర్వాత అంచులు పెళుసుబారతాయి. ప్లాటినం రకం ఎక్కువ కాలం నిలుస్తుంది, కాకపోతే గంధకం ఉన్న మోడలింగ్ క్లే మీద పోస్తే తాకిన పొర గట్టిపడకుండా జిగటగానే ఉండిపోతుంది. మామూలు కుమ్మరి మట్టికి ఆ బాధ లేదు.

జెల్ కోట్ దగ్గర ఓపిక పట్టాలి. మందం అర మిల్లీమీటరు, ఇంకొంచెం అటూఇటూ. మరీ పల్చగా వేస్తే పైన పోసిన రెసిన్‌లోని స్టైరీన్ దాన్ని నానబెట్టి ముడతలు పడేలా చేస్తుంది. అచ్చు విప్పాక మొసలి చర్మంలా ముడతలు కనిపిస్తే కారణం ఇదే, లేదా జెల్ కోట్ సరిగ్గా గట్టిపడకముందే తొందరపడి మ్యాట్ వేశారు. మరీ మందంగా వేస్తే బీటలు. వేలు పెడితే జిగటగా తగలాలి, వేలికి రంగు అంటకూడదు. అదీ సరైన సమయం. గాలి తగిలిన పైభాగం జిగటగానే ఉంటుంది, అది లోపం కాదు, మ్యాట్‌ను పట్టుకునేందుకు పనికొచ్చే గుణం. ఆ జిగటను అసిటోన్‌తో తుడిచేసి శుభ్రం చేశామనుకునేవాళ్లు బొమ్మ పొట్టు లేచినప్పుడు రెసిన్‌ను తిడతారు.

జెల్ కోట్ మీద ముందుగా టిష్యూ మ్యాట్, అంటే చదరపు మీటరుకు 30 గ్రాముల పల్చటి పొర, వేసుకోండి. లేకపోతే కొన్నాళ్లకు రెసిన్ ఇంకా కుదించుకుపోయి, బుగ్గ మీద మ్యాట్ పోగుల గజిబిజి ఆకారం పైకి తేలుతుంది. పాలియెస్టర్ ఘనపరిమాణంలో 6 నుంచి 8 శాతం కుదించుకుంటుంది మరి. నునుపు మొహానికి ఈ పొర తప్పనిసరి. గరుకు పనికి అక్కర్లేదు.

ఆ తర్వాత మ్యాట్. అచ్చు మీద ముందు రెసిన్ పూసి, ముక్క పెట్టి, బ్రష్‌తో పొడుస్తూ తడపాలి. గీసినట్టు లాగితే పోగులు ముద్దలవుతాయి. తెల్లగా ఉన్న మ్యాట్ పారదర్శకం అయ్యేదాకా పొడిచి, ఇనుప పళ్ల రోలర్‌తో గాలి బయటికి నెట్టండి. పెదవుల మూలలు, కనురెప్ప అంచుల్లాంటి చోట్ల మ్యాట్ వంగదు, ఎంత నొక్కినా లేస్తుంది. అక్కడ ముందే రెసిన్‌లో టాల్కమ్ పొడి, సన్నగా తుంచిన గ్లాస్ పోగులు కలిపిన ముద్దతో గుంట నింపి వంపును సాఫీ చేసి, ఆ పైన మ్యాట్ వేయాలి. ఒకేసారి మూడు వరసలు దంచేయడం కన్నా రెండు వేసి, వేడి తగ్గనిచ్చి మూడోది వేస్తే అచ్చు కూడా వేడికి వంకర పోదు.

నిలబెట్టే బొమ్మకు లోపల ఇనుప చట్రం కావాలి. పని పూర్తయ్యాక కాదు, అచ్చులో ఉండగానే మ్యాట్ పట్టీలతో అతికించాలి. బొమ్మను అచ్చులోంచి తీసేశాక చట్రం పెడితే అప్పటికే కాస్త వంగిన ఆకారాన్ని అలాగే బిగించినట్టవుతుంది. మామూలు ఇనుప పైపు రెసిన్‌లో పూర్తిగా మూసుకుపోయిందనుకున్నా, ఎక్కడో ఒక రంధ్రం ఉంటే చాలు, తుప్పుపట్టి ఉబ్బి పైపొరను పగలగొడుతుంది. గాల్వనైజ్డ్ పైపు వాడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే స్టెయిన్‌లెస్. అడుగున నీళ్లు పోవడానికి రంధ్రం మర్చిపోవద్దు.

కనీసం ఒక రాత్రి గడిచాకే అచ్చు విప్పండి. బయటపడ్డ బొమ్మను రెండుమూడు వారాలు అలా వదిలేస్తే పూర్తి బలం వస్తుంది. అంత టైము లేకపోతే 40 డిగ్రీల వెచ్చటి గదిలో 16 గంటలు చాలు. మన దగ్గర ఏప్రిల్ ఎండలో తలుపులు మూసిన రేకుల షెడ్డు ఆ పని ఊరికే చేసి పెడుతుంది. గట్టిపడిందా లేదా తెలియాలంటే లోపలివైపు కాదు, అచ్చుకు ఆనుకున్న వైపు అసిటోన్ తడిపిన గుడ్డతో రుద్దండి. జిగట వచ్చిందా, ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

ఇక ముక్కు, ఊపిరితిత్తుల సంగతి. ఈ సెట్టుకు తక్కువ మార్కులు పడే చోటు ఇదే. స్టైరీన్ వాసన నిమిషాల్లో ముక్కుకు అలవాటైపోతుంది, ప్రమాదం మాత్రం అలవాటు కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దాన్ని క్యాన్సర్ తెప్పించే అవకాశం బలంగా ఉన్న పదార్థాల వర్గంలో చేర్చింది. రంగురంగుల లావుపాటి ఆడబొమ్మలతో పేరు తెచ్చుకున్న నికి ద సెంట్ ఫాల్ ఏళ్ల తరబడి పాలియెస్టర్ పొగలు పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు, ఆమె జీవితంలో చివరి దశాబ్దాల అనారోగ్యానికి అదో ముఖ్య కారణమని చెబుతారు. షాపులో సెట్టుతో పాటు ఉచితంగా పడేసే గుడ్డ మాస్కు గానీ, ఎన్95 గానీ స్టైరీన్‌ను ఆపవు. ఆవిరి పీల్చుకునే బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, సాన పట్టేటప్పుడు దానిపై దుమ్ము ఫిల్టరు. కళ్లద్దాలు కూడా తప్పనిసరి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. పడితే వెంటనే పావుగంటకు పైగా నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి పోవాలి. గ్లాస్ దురదకు వేడినీళ్లు పోసుకోకండి. ముందు చన్నీళ్లు. హార్డెనర్ తుడిచిన గుడ్డలను చెత్తబుట్టలో కుక్కితే రాత్రికి తమంతట తామే అంటుకోవచ్చు, నీళ్ల బక్కెట్లో వేసి బయట పెట్టండి.

రంగు విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. పాలియెస్టర్ ఎండకు పసుపుబారుతుంది, సుద్ద పొడిలా రాలుతుంది. ఎండ తగలని చోట కూడా పూర్తిగా తప్పించుకోలేదు. ఈవా హెస్ 1968లో ఫైబర్‌గ్లాస్, పాలియెస్టర్ రెసిన్‌తో చేసిన 19 బక్కెట్ల లాంటి ముక్కల పని న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉంది. కాంతి లోపలినుంచి దాటేలా చేసిన ఆ ముక్కలు ఇప్పుడు తేనె రంగుకు దిగాయి. కాబట్టి పారదర్శక పనికి ఈ రెసిన్ నమ్ముకోవద్దు. రంగు వేసే బొమ్మకైతే 400 నంబరు ఎమెరీ పేపరుతో మైనం మొత్తం పోయేదాకా రుద్ది, ప్రైమరు, పీయూ (పాలీయురేథేన్) పెయింటు, ఆ పైన యూవీ రక్షణ ఉన్న పీయూ క్లియరు కోటు. మైనం ఆనవాలు ఉన్నచోట పెయింటు రెండో వానకే పొరలు పొరలుగా లేస్తుంది.

ఇంట్లో, అపార్ట్‌మెంట్లో పనిచేసేవాళ్లకు ఈ సెట్టు సిఫారసు చేయడం లేదు. వాళ్లకు జెస్మొనైట్ ఏసీ100 అనే నీళ్ల ఆధారిత పోత సరుకు మంచిది. 1984లో ఇంగ్లండ్‌లో వచ్చిన సరుకు. పొడి రెండున్నర వంతులు, ద్రవం ఒక వంతు, తూకం వేసి కలపాలి. వాసన లేదు, పనిముట్లు నీళ్లతో కడిగితే చాలు. బరువు ఎక్కువ, అంత పల్చటి పెంకుగా చేయలేం, బయట పెట్టాలంటే సీలరు కొట్టాలి. మన దగ్గర ధర కూడా కాస్త కుట్టేదే. అయినా రెండడుగుల లోపు పనికి లెక్క సరిపోతుంది. ఎపాక్సీ కుదింపు తక్కువ, అతుకు గట్టిది, ధర జీపీకి రెండుమూడు రెట్లు. చర్మానికి పడకపోతే ఒకసారి వచ్చిన అలర్జీ జన్మంతా పోదు.

కేవలం ఫోటో కోసం కట్టే ఇన్‌స్టలేషన్ అయితే ఇదంతా దండగ. శాండీ స్కోగ్లండ్ 1980లో బూడిద రంగు వంటగదిలో ఆకుపచ్చ పిల్లుల గుంపుతో తీసిన ఫోటోకు కోళ్ల జాలీ మీద ప్లాస్టర్ వేసి పిల్లుల్ని చేశారు. కెమెరా ఒకే వైపు నుంచి, ఒకే దీపం కింద చూస్తుంది. ఆ పిల్లి వెనక వీపు ఎలా ఉందో దానికి పట్టదు. జాలీ, గోనె పీచు, పీఓపీ, ఎమల్షన్ రంగు సరిపోతాయి, ఖర్చు పదో వంతు. జీపీ సెట్టు డబ్బులు లైట్లకు పెట్టుకోండి.